తూకం వెయ్యని పోగు

నైలాన్ మీద నేను రాసిన మొదటి పరిశోధన పత్రంలో ఒక్క వాక్యం తప్ప మిగతావన్నీ సరైనవే. చిక్కేమిటంటే, పత్రం రాసిందే ఆ ఒక్క వాక్యం కోసం. బాగా సాగదీసిన నైలాన్ పోగులో గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు సన్నగిల్లిపోతాయని అందులో గట్టిగా చెప్పాను. ఒక సదస్సు సంచికలో అచ్చయింది. అమ్మ ఆ సంచికని చాలాకాలం దేవుడి గూట్లో పెట్టుకుంది. దాన్ని ఎవరూ ఖండించలేదు. ఖండించాలంటే ముందు ఎవరో ఒకరు చదవాలి కదా.

1980ల నడిమి మాట ఇది. మాది అనకాపల్లి. చదువుతున్నది ఒక విశ్వవిద్యాలయంలో. దాని పేరెందుకులెండి, తప్పు దానిది కాదు.

నైలాన్ తాడుతో దండెం కట్టిన వాళ్లందరికీ నా పరిశోధన విషయం తెలుసు, పేరే తెలియదు. సాయంత్రం వీణ తీగలా మోగేటట్టు బిగించి కడతాం. నాలుగు రోజులయ్యేసరికి తడి లుంగీ వేస్తే నేలకి తగులుతుంది. ముడి జారలేదు, మేకు కదల్లేదు. తాడే లోలోపల సర్దుకుంది. బిగించినప్పుడు పుట్టిన లాగుడు అలా మెల్లగా తగ్గిపోవడాన్ని మా శాస్త్రంలో రిలాక్సేషన్ అంటారు. ఏ తాడు ఎంత తొందరగా సర్దుకుంటుంది, ఏ వేడికి ఎంత, ఎందుకు అన్నదే నా పని.

నైలాన్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. ఒక్కో గొలుసులో కార్బన్‌లు వరసగా నడుస్తూ ఉంటాయి, నడుమ నడుమ అమైడ్ అనే చిన్న గుంపు వస్తుంది. ఆ గుంపులో నైట్రోజన్‌ని అంటుకుని ఒక హైడ్రోజన్, కార్బన్‌ని పట్టుకుని ఒక ఆక్సిజన్ ఉంటాయి. ఈ గొలుసు హైడ్రోజన్‌కి పక్క గొలుసు ఆక్సిజన్ అంటే మక్కువ. ఆ పట్టే హైడ్రోజన్ బంధం. గొలుసు లోపలి అసలు బంధాల బలంలో అది పదోవంతు కూడా ఉండదు. కానీ సంఖ్య చూస్తే లెక్కకి అందదు. అమైడ్ గుంపులే లేని గట్టిరకం పాలిథీన్ 130 డిగ్రీల దగ్గర కరిగిపోతే, నైలాన్ 6 సుమారు 220 దాకా, నైలాన్ 66 అయితే 260 దాటేదాకా నిలబడేది ఈ పట్ల చలవే. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలస్ కరోథర్స్ బృందం నైలాన్ 66ని తయారుచేసింది. 1938లో జర్మనీలో పాల్ ష్లాక్ నైలాన్ 6 చేశాడు. నా చేతికొచ్చింది ఈ రెండోదే, చేపలు పట్టే గాలపు దారం రూపంలో. లాబొరేటరీకి ఖరీదైన నమూనాలు కొనే స్తోమత లేదు, బజార్లో దారం చవగ్గా దొరికేది.

యంత్రం నేనే కట్టుకున్నాను. దాన్ని టార్షన్ పెండ్యులం అంటారు. పోగుని పైన ఒక క్లాంపులో బిగించి, కింద ఇత్తడి బిళ్ల వేలాడదీసి, బిళ్లని కొంచెం తిప్పి వదిలేస్తే అటూ ఇటూ ఊగుతుంది. ఊపు ఎంత తొందరగా చస్తుందో చూడాలి. పోగులోని గొలుసులు కదిలే తీరిక, పెండ్యులం ఊగే తీరిక ఒకటైన చోట గొలుసులు ఆ ఊపునంతా మింగేస్తాయి. వేడి పెంచుకుంటూ పోయి గీత గీస్తే అక్కడ ఒక శిఖరం లేస్తుంది. పోగు చుట్టూ గాజు గొట్టం, గొట్టం చుట్టూ హీటరు తీగ, చల్లబరచడానికి ఐసుముక్కలూ రాతిఉప్పూ. దాన్ని చూసి మా గైడు గారు "బాగానే ఉందోయ్, పేలదు కదా" అన్నారు. ఆయన దగ్గర్నించి అంతకన్నా పెద్ద మెప్పు ఎవరికీ దక్కలేదు.

నైలాన్లకి ఇలాంటి శిఖరాలు మూడని అప్పటికే తెలుసు. 1957లో అమెరికాలో వుడ్‌వర్డ్, సావర్, వాళ్ల తోటివాళ్లు కలిసి వరసగా కొన్ని నైలాన్లకి గీతలు గీసి పెట్టారు. అన్నిటికన్నా చల్లని చోట, సున్నాకి కింద 120 డిగ్రీల ప్రాంతంలో వచ్చేది గామా. అమైడ్‌ల మధ్యనున్న కార్బన్ ముక్కలు కొంచెం మెలితిరిగే చోటు అది. సున్నాకి కింద 60 ప్రాంతంలో బీటా. ఇక పెద్దది ఆల్ఫా, అంటే గొలుసుల పొడవాటి భాగాలు హైడ్రోజన్ పట్లు వదిలించుకుని కలిసికట్టుగా కదలడం మొదలుపెట్టే చోటు. పొడి నైలాన్ 6కి అది 60, 70 డిగ్రీల మధ్య. ఆ 'పొడి' అనే మాట పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. కళ్లు దాని మీదుగా వెళ్లిపోయాయి, అంతే. మీరైనా అలాగే వెళ్లిపోయేవారు. తేదీ చదివినంత తేలిగ్గా చదివి పక్కకి జరిగిపోయే మాట అది.

నా పోగుకి ఆల్ఫా శిఖరం పదీ ఇరవై డిగ్రీల మధ్య లేచింది.

యాభై డిగ్రీల తేడా! తెలివైనవాడైతే భయపడాలి. నేను సంబరపడ్డాను. ఆ వయసులో పుస్తకానికీ మన గీతకీ తేడా వస్తే పుస్తకం తప్పన్నమాట. వారం తిరక్కుండా కారణం కూడా కనిపెట్టేశాను. గాలపు దారం తయారీలో పోగుని బాగా సాగదీస్తారు. ఆ లాగుడులో గొలుసులు ఒకదానికొకటి ఎడంగా జరిగి ఉంటాయి, హైడ్రోజన్ పట్లు వదులై ఉంటాయి, కాబట్టి తక్కువ వేడికే కదులుతున్నాయి. వినడానికి ఎంత బాగుందో చూడండి. నిజానికి సాగదీస్తే గొలుసులు వరసలో కూచుంటాయి, స్ఫటికాలు కుదురుతాయి, పట్లు ఇంకాస్త చక్కబడతాయి. అంటే నా వాదం తలకిందులుగా నిలబడి ఉంది. కానీ కారణం దొరికాక దాన్ని తిరగేసి చూసే ఓపిక ఎవడికుంటుంది?

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. ఒక రాత్రి హీటరు ఆపడం మరిచిపోయి ఇంటికెళ్లిపోయాను. పొద్దున వచ్చేసరికి గొట్టం లోపల నూరు డిగ్రీలు దాటి ఉంది. తిట్టుకుంటూ చల్లార్చి, అదే పోగుతో మళ్లీ గీత గీశాను. శిఖరం అరవై దాటాక లేచింది. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే.

ఆ కాగితాన్ని అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, పక్కన 'క్లాంపు జారింది' అని రాశాను. క్లాంపు జారిందని నేనేమీ చూడలేదు. జారి ఉండాలి, లేకపోతే నా సిద్ధాంతం జారుతుంది. స్క్రూలు బిగించి, వినాయక చవితికి ఊరెళ్లిపోయాను. ఊళ్లో సెలవులన్నీ వానే. తిరిగొచ్చి చూస్తే, బిగించిన క్లాంపులో నా పోగు బుద్ధిగా మళ్లీ ఇరవై లోపే శిఖరం చూపించింది. 'స్క్రూ బిగించాను, సరిపోయింది' అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పత్రం పంపించాను.

ఆ వాన నా పోగుని ఏం చేసిందో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి మరో వానాకాలం రావాల్సొచ్చింది.

మా మావయ్యకి అనకాపల్లి బెల్లం మార్కెట్లో చిన్న వ్యాపారం. మనవైపు బెల్లం ఎక్కడ పండినా ధర మాత్రం అనకాపల్లి చెప్పాలని ఆయన నమ్మకం. రాష్ట్రంలో దానికి మించిన బెల్లం మార్కెట్ లేదు కాబట్టి ఆ నమ్మకం మరీ గొప్పలేం కాదు. ఆ ఏడు సెలవుల్లో ఒక సాయంత్రం ఆయన దగ్గర కూచున్నాను. సీజను కాదు. గోదాంలో మిగిలిన పాత దిమ్మల గురించి ఒక రైతుతో పేచీ నడుస్తోంది. దిమ్మలు దించినప్పటికన్నా ఇప్పుడు బరువెక్కువ తూగుతున్నాయి, ఆ ఎక్కువకి కూడా డబ్బివ్వాలని రైతు. మావయ్య దిమ్మ మీద బొటనవేలు నొక్కి, వేలికంటిన చెమ్మ చూపించాడు.

"ఇది నీ చెరుకు కాదు బాబూ, వానది. ఏ నాడు తూచినావో సెప్పకుండా బరువు సెప్తే ఏటి లాభం?"

రైతు ఏదో అన్నాడు. మావయ్య ఇంకేదో అన్నాడు. నాకు వినపడలేదు. నా పోగుని నేనెప్పుడూ తూచలేదన్న సంగతి ఆ క్షణాన తట్టింది. పొడవు కొలిచాను, మందం కొలిచాను, ఇత్తడి బిళ్ల బరువుని మిల్లీగ్రాముల్లో రాసుకున్నాను. పోగు బరువు మాత్రం ఏనాడూ చూడలేదు. ఎందుకు చూస్తాను? నైలాన్ నైలానే కదా! నిన్న నైలాన్, ఇవాళా నైలాన్.

"ఏటల్లుడూ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు మావయ్య. నా మొహం అలా ఉందేమో.

మర్నాడే బస్సెక్కాను. లాబ్‌లో మంచి త్రాసు ఒకటి కెమిస్ట్రీ వాళ్ల దగ్గర ఉండేది, బతిమాలి తెచ్చుకున్నాను. దారాన్ని చిన్న చుట్టగా చుట్టి తూచాను. రాత్రంతా ఓవెన్లో ఎండబెట్టి, పొద్దున మళ్లీ తూచాను. నూటికి అయిదు వంతుల దాకా బరువు పోయింది. ఆ తర్వాత చుట్టని త్రాసు పళ్లెంలోనే వదిలి, కిటికీ తెరిచి కూచున్నాను. బయట ముసురు. చివరి అంకె కదలడం మొదలుపెట్టింది. చాలా మెల్లగా, ఒక్కొక్కటే పైకి. నేను ఊపిరి వదిలితే కదిలిందేమో అనుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అయినా ఆగలేదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేసరికి ఇంకా ఎక్కి ఉంది. అరవై డిగ్రీల నుంచి ఇరవైకి కిందికి దిగిపోతున్న నా శిఖరాన్ని ఆ త్రాసు మీద చూస్తున్నానని నాకు తెలుసు. అచ్చయిన రెండు పేజీలూ, అందులోని ప్రతి 'కాబట్టీ' వరసగా గుర్తొస్తున్నాయి. బాధ కన్నా ముందు ఒక విచిత్రమైన తేలిక కలిగింది. ఇన్నాళ్లూ నాలో ఎక్కడో ఒకచోట ఆ ఎర్రగీత సలుపుతూనే ఉందన్నమాట.

జరిగింది ఇదీ. నీటి అణువుకి కూడా హైడ్రోజన్‌లున్నాయి, ఆక్సిజన్ ఉంది. అమైడ్ గుంపులంటే దానికీ మక్కువే. గాలిలో తడి ఉంటే అది నైలాన్లోకి దూరి, రెండు గొలుసుల మధ్యనున్న పట్టు విడదీసి తను నడుమ చేరుతుంది. 1967లో ప్రాగ్‌కి చెందిన పుఫ్ర్, షెబెండా అనే ఇద్దరు దీనికో చక్కటి చిత్రం గీశారు. ముందొచ్చిన నీటి అణువు రెండు గొలుసుల ఆక్సిజన్‌లని రెండు చేతులా గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత వచ్చేవి మిగిలిన పట్లలోకి జొరబడి వదులుగా వేలాడతాయి. గొలుసుకి గొలుసు కట్టుబడి ఉండాల్సిన చోట మధ్యవర్తులు చేరతారు, మధ్యవర్తులు సులువుగా చోటు మారతారు. దాంతో గొలుసులు తక్కువ వేడికే కదులుతాయి. ఆల్ఫా శిఖరం కిందికి జారుతుంది. నీటిలో పూర్తిగా నానిన నైలాన్ 6కి అది సున్నా కిందికి కూడా పోతుంది. కరిగే వేడి మాత్రం మారదు, ఎందుకంటే నీరు స్ఫటికాల లోపలికి వెళ్లలేదు. గజిబిజిగా ఉన్న భాగాల్లోనే దాని ఆటలన్నీ.

మావయ్య దిమ్మలో జరిగేదీ ఇదే. స్ఫటికం కట్టని పంచదార పొడిగా ఉంటే అరవై, డెబ్భై డిగ్రీల దాకా గాజు ముక్కే. దానిలో కొన్ని వంతుల నీరు చేరితే చాలు, మామూలు గది వేడికే మెత్తబడి వేలికంటుకుంటుంది. పంచదారకి హైడ్రోజన్ పట్లు వేసే చేతులు నైలాన్ కన్నా ఎక్కువ. బెల్లం చుట్టూ పెరిగినవాణ్ణి. వానాకాలంలో దిమ్మని తాటాకులు చుట్టి ఎందుకు దాస్తారో అయిదో తరగతిలోనే చెప్పగలను. లాబ్ గుమ్మం దాటగానే అదంతా బెల్లం సంగతి, ఇది సైన్సు అనుకున్నాను.

సవరణ పంపుదామని కాగితం తీశాను. రాశాను కూడా. పంపలేదు. ఇంకో పత్రం తయారయ్యాక అందులో సర్దుకుందాం అనుకున్నాను. ఆ తర్వాత పత్రంలో సరైన సంగతి రాశానే గానీ, ముందుది తప్పని ఎక్కడా రాయలేదు. ఇలా సర్దుకున్నవాళ్లు చాలామందే ఉంటారని తర్వాత తెలిసింది. అది నాకు ఊరటగానూ ఉంది, బెంగగానూ ఉంది.

ఇంతటితో బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? తప్పు తెలిసినవాడు ఊరికే కూచోడు, రెండో వైపుకి పరిగెడతాడు. నీరే నా శత్రువని తేల్చుకున్నాను. నీరులేని నైలానే అసలు నైలాన్, మిగతాదంతా కల్తీ! ఎక్కడ నైలాన్ కనబడినా ఎండబెట్టమని చెప్పేవాణ్ణి.

మావయ్య పెద్దకొడుకు, మా బావ, అనకాపల్లిలో ఒక లేతు షెడ్డు నడిపేవాడు. చెరుకు రసం తోడే చిన్న పంపులకి ఇత్తడి బుష్‌ల బదులు నైలాన్ కడ్డీ నుంచి బుష్‌లు తీసి వేసేవాడు. కాస్త వదులుగా తీస్తున్నావేంటని నేను అడిగాను. "అలా తియ్యకపోతే పట్టేస్తాయి బామ్మర్దీ" అన్నాడు. ఎందుకు పట్టేస్తాయో ఆయనకి తెలియదు. ఎందుకో నాకు తెలుసు, ఏం చెయ్యాలో తెలియదు. ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుంది? చదువుకున్నవాడిది. కడ్డీని ఓవెన్లో బాగా ఎండబెట్టి, మైక్రోమీటరు పెట్టి, వెంట్రుకవాసి సందు మాత్రమే ఉండేలా తీయించాను. షాఫ్టు అందులో పట్టులా తిరిగింది. బావ కూడా ముచ్చటపడ్డాడు.

నానిన నైలాన్ 6 నూటికి రెండు మూడు వంతులు ఉబ్బుతుంది. బయట నుంచి ఇనుప గూడు పట్టుకుని ఉంటే ఆ ఉబ్బు ఇంకెక్కడికి పోతుంది? లోపలికే. గానుగ సీజన్లో, రసంలో నానుతూ, కడిగిన నీళ్లలో నానుతూ ఆ బుష్‌లు షాఫ్టుని మెల్లగా కౌగిలించుకున్నాయి. ఒక రాత్రి పొయ్యి మీద పెనం ఉండగా పంపు ఆగిపోయింది. బావ టార్చి పట్టుకుని వెళ్లి చక్కపెట్టొచ్చాడు. పొద్దున నన్నేమీ అనలేదు. పట్టేసిన బుష్‌ని నా పక్కన పెట్టి టీ తాగాడు. అంతే.

అదొక్కటే కాదు. బాగా ఎండిన నైలాన్ పెళుసు. పంటి చక్రం ఒకటి చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడి పన్ను విరిగింది. నైలాన్ గట్టిదనం గాలిలో మామూలు తడి పీల్చుకున్నాక పొడిగా ఉన్నప్పటి దాంట్లో సుమారు సగానికి దిగుతుంది, నిజమే. కానీ దెబ్బ కాసే గుణం వచ్చేది ఆ తగ్గుదలలోంచే. గొలుసులకి కదిలే వీలుంటేనే దెబ్బని పంచుకుంటాయి. నైలాన్ అచ్చులు పోసేవాళ్లు సరుకుని అచ్చులోంచి తీశాక వేడినీళ్లలో వేసి నీరు తాగనిస్తారు. బావ తర్వాత ఎక్కడో చూసొచ్చి అలాగే చేశాడు. నా సలహా లేకుండా.

నీరు మెత్తబరుస్తుందన్న మాట కూడా సగమే నిజమని ఆ తర్వాత తెలుసుకున్నాను. బాగా చల్లార్చి, బీటా శిఖరానికి కింద చూస్తే తడి నైలానే పొడి నైలాన్ కన్నా గట్టిగా ఉంటుంది. మామూలు వేడిలో సులువుగా చోటు మారే ఆ మధ్యవర్తులే అంత చలిలో బిగుసుకుపోయి, గొలుసుల సందుల్లో చీలలై కూచుంటాయి. తడి పెరిగేకొద్దీ బీటా శిఖరం ఎదుగుతుంది, గామా కుంగుతుంది. అందుకే నీరు మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే ఎన్ని డిగ్రీల దగ్గర అని ఎదురడుగుతాను. ఇంట్లోవాళ్లకి ఈ అలవాటు విసుగు.

అమైడ్‌లు ఎడంగా ఉన్న నైలాన్లకి ఈ బాధ తక్కువ. నైలాన్ 6లో రెండు అమైడ్ గుంపుల మధ్య కార్బన్ ముక్కలు అయిదు, నైలాన్ 11లో పది. నైలాన్ 6 నిండా నానితే నూటికి తొమ్మిది, పది వంతుల నీరు తాగుతుంది. నైలాన్ 11 రెండుతో సరిపెట్టుకుంటుంది. ఈ నైలాన్ 11 ఆముదం నుంచి వస్తుంది. పాలమూరు, నల్గొండ చేలల్లో ఆముదాలు పండించిన రైతుకి, ఆ గింజలోంచి బ్రేకు గొట్టాలు కూడా వస్తాయని ఎవరైనా చెప్పి ఉంటారో లేదో. పళ్లు తోముకునే బ్రష్షు కుచ్చు సంగతీ ఇంతే. 1938లో నైలాన్ మొదట అమ్ముడుపోయింది ఆ కుచ్చుగానే. ఇప్పుడు మంచి బ్రష్షులకి నైలాన్ 612 వాడతారు, తడిలో తొందరగా వాలిపోదని.

ఎండబెట్టే పిచ్చి పూర్తిగా వదిలింది పూడిమడకలో. అచ్యుతాపురం దాటితే సముద్రం ఒడ్డున ఆ ఊరు. తెప్పల మీద, ఫైబరు పడవల మీద లోపలికి పోయి కొమ్ముకోనాలు పట్టే మొనగాళ్లున్న చోటు. అక్కడ నైలాన్ ఎప్పుడూ తడిలోనే బతుకుతుంది. తడిస్తే నైలాన్ దారానికి నూటికి పది, పదిహేను వంతుల బలం తగ్గుతుంది. నూలు దారానికైతే తడిస్తే బలం పెరుగుతుంది. అయినా నూలు వలల్ని వదిలి అందరూ నైలాన్ పట్టారు. నూలు కుళ్లుతుంది, నైలాన్ కుళ్లదు. అంతకన్నా ముఖ్యం, తడి నైలాన్ సాగుతుంది. పెద్ద చేప ఒక్కసారి గుంజితే దారం ఆ గుంజుని సాగి మింగాలి, ఎదిరించి నిలబడితే తెగుతుంది. ఊపుని మింగడమంటే నా పెండ్యులం చూపించిన శిఖరమే కదా. ఇరవై డిగ్రీల దగ్గర, తడి గాలిలో నాకు కనిపించిన ఆ 'తప్పుడు' శిఖరమే సముద్రం మీద వాళ్ల పని చేసిపెడుతోంది. వల అల్లుతున్న ఒక పెద్దాయన పక్కన కూచుని ఇదంతా వివరించబోయాను. ఆయన ముడిని నోట్లో తడిపి బిగిస్తూ విన్నాడు. "ఎండిన దారం మాట ఇనదు బాబూ. తడిదే ఇంటాది" అని ఇంకో ముడి అందుకున్నాడు.

వేడికి పట్లు వదిలి, చల్లారితే మళ్లీ పడడం లారీల వాళ్లకీ తెలిసిన సంగతే. నైలాన్ దారం వేసిన పాతరకం టైర్లు దూరం నడిచి వేడెక్కి ఆగితే, బరువు కింద నేలకి ఆనిన చోటు అలాగే చదునుగా చల్లారిపోతుంది. వేడికి వదిలిన పట్లు చల్లారేటప్పుడు ఆ చదును వంపులోనే మళ్లీ పడతాయి. పొద్దున బండి కదిలిస్తే కాసేపు దబదబమని కొడుతుంది. టైరు వేడెక్కితే పట్లు మళ్లీ వదిలి గుండ్రంగా సర్దుకుంటుంది. ఇప్పుడు అచ్యుతాపురంలోనే పొలాల బండ్లకీ గనుల బండ్లకీ టైర్లు చేసే పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది, 2022లో. అటు వెళ్లినప్పుడల్లా లోపల దారాన్ని ఎంత పొడిగా ఉంచుతారో అడగాలనిపిస్తుంది. గేటు దగ్గర ఎవరిని అడగను?

నా పత్రాన్ని ఎవరూ చదవలేదన్నాను. పూర్తిగా నిజం కాదు. చాలా ఏళ్ల తర్వాత, నేను ఉద్యోగంలో స్థిరపడ్డాక, ఒక కుర్రాడి దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. సాగదీసిన నైలాన్ పోగుల మీదే అతని పని. మీ గీత నాకు రావడం లేదు, మీరు కొలిచిన రోజున గాలిలో తేమ ఎంత, అని మర్యాదగా అడిగాడు. అతను దారి తెలిసినవాడని ఆ ఒక్క ప్రశ్నతోనే తెలిసింది. నా నోట్‌బుక్కులన్నీ వెతికాను. వేడి ఉంది, ఊపు ఉంది, బిళ్ల బరువుంది. తేమ ఏ పేజీలోనూ లేదు. తేదీలు మాత్రం ఉన్నాయి. విశాఖలో వాతావరణ శాఖ వాళ్లు పొద్దున ఎనిమిదిన్నరకీ సాయంత్రం అయిదున్నరకీ తీసిన అంకెలుంటాయి. తెలిసినాయన ద్వారా ఆ తేదీలవి రాయించి తెచ్చుకుని, నా గీతలన్నిటికీ జిరాక్సు తీయించి, ఒక్కొక్కదాని పక్కన తేమ అంకె వేసి పంపాను. నా పత్రంలోని వాక్యం తప్పని కూడా అందులోనే మొదటిసారి రాశాను. ఎర్రగీత కొట్టిన కాగితాన్ని పక్కన పెడదామని చెయ్యి దాకా వెళ్లింది గానీ, అదీ పెట్టేశాను.

జవాబుతో పాటు అతను తన పత్రం కాపీ పంపాడు. బయట గాలి అంకె తెలిసినంత మాత్రాన గొట్టంలో వేలాడిన పోగు ఎంత నీరు తాగిందో కచ్చితంగా చెప్పలేమని, అందుకే ఆ గీతల్ని వాడలేదని రాశాడు. రాత్రంతా హీటరు వెలిగిన ఒక్కదాన్ని తీసుకున్నాడు, దాని తేమ ఎంతో ఎవరినీ అడగక్కర్లేదు కదా అని. దాన్ని తన పొడి పోగుల గీత పక్కన అచ్చువేశాడు. రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కింద నా పేరు వేసి కృతజ్ఞతలు చెప్పాడు. క్లాంపు ప్రస్తావన మాత్రం తెలివిగా వదిలేశాడు.